సెలైన్ నీళ్ళు పడే ట్రయల్‌కి నా మోకాలు ఇవ్వచ్చా?

అట్లపెనం_రాజమండ్రి అడిగారు:

అందరికీ నమస్కారమండి. నాకు 58 ఏళ్ళు. ఇన్నీసుపేటలో మా అరుగు మీదే పొద్దున్నపూట టిఫిన్లు వేస్తాను. ఇడ్లీ, మినపరొట్టె, ఆదివారాలు పెసరట్టు ఉప్మా. ఇరవై రెండేళ్ళుగా నాలుగింటికి లేవడం, పదిన్నర దాకా పెనం ముందు నిలబడటం. ఆ నిలబడటమే ఇప్పుడు కొంప ముంచింది.

కుడి మోకాలు నాలుగేళ్ళ నుంచి పేచీ పెడుతోంది. గుజ్జు అరిగింది, గ్రేడు 3 అన్నారు ఎక్స్‌రే చూసి. కూర్చుంటే లేవలేను, లేచాక మొదటి పది అడుగులూ నరకం, ఆ తర్వాత కాస్త సర్దుకుంటుంది. పుష్కరాల రేవులో మెట్లు దిగి కార్తీక స్నానం చేసి మూడేళ్ళయింది. పై మెట్టు మీద కూచుని చెంబుతో పోసుకుంటున్నాను, గోదారమ్మ క్షమించాలి.

చెయ్యనిది లేదండి. వావిలాకు కాపడం పెట్టాను. గ్లూకోజమిన్ బిళ్ళలు ఏడాది మింగాను. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పీట మీద కూర్చోలేనేమోనని మా వీధి చివర డాక్టరు గారి దగ్గర ఒక ఇంజెక్షన్ కూడా చేయించుకున్నాను. నెల రోజులు హాయిగా ఉంది, మళ్ళీ మామూలే.

అసలు సంగతికి వస్తాను. వైజాగ్‌లో ఒక పెద్దాసుపత్రిలో చూపించుకుంటే, ఇక్కడో ట్రయల్ నడుస్తోంది, చేరతారా అని అడిగారు. మన రక్తమే తీసి, మిషన్లో గిర్రున తిప్పి, పైన తేలిన పసుపు నీళ్ళు మోకాల్లోకి ఎక్కిస్తారట. పీఆర్పీ అంటారు. అయితే అది సగం మందికే. మిగతా సగానికి ఉత్త సెలైన్. రక్తం మాత్రం అందరి దగ్గరా తీస్తారు. సిరంజికి కాగితం చుట్టి ఉంటుంది కాబట్టి ఏది పడిందో నాకూ తెలియదు, పొడిచే డాక్టరుకీ తెలియదు. ఏడాదిలో ఆరుసార్లు వెళ్ళాలి. ఖర్చు లేదు.

మా ఎదురింటి వదినగారు ఇదే ఇంజెక్షన్ బయట డబ్బు కట్టి మూడుసార్లు చేయించుకుంది. సుబ్బరంగా మేడ ఎక్కుతోంది. మా అబ్బాయేమో "నిన్ను ప్రయోగశాల ఎలకని చేస్తున్నారు, వద్దు" అంటాడు. కాగితాలు పందొమ్మిది పేజీలు ఇచ్చారు, తెలుగులోనే ఉన్నాయి గానీ ఆ తెలుగు నాకు కొరుకుడు పడలేదు.

ఉప్పునీళ్ళు పొడిపించుకోవడానికి రత్నాచల్ ఎక్కి వైజాగ్ దాకా పోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి. మాయ చేస్తున్నారా, మంచి చేస్తున్నారా?

---

బెజవాడ_బుల్లెట్ రాశారు:

మీ అబ్బాయి చెప్పిందే రైటండి. మందు ఇస్తామంటే వెళ్ళండి, నీళ్ళు ఇస్తామంటే ఎందుకు? నేను మా నాన్నకి బయట చేయించాను, మూడు ఇంజెక్షన్లు. మొదటి దాని తర్వాతే తేడా తెలిసింది. పని చేస్తుందని ఇంతమందికి తెలిశాక ఇంకా ట్రయల్ ఏంటి? డబ్బు ఉంటే బయట చేయించుకోండి, లేకపోతే అబ్బాయిని అడగండి. సగం ఛాన్సు మీద మోకాలు పెట్టకండి.

---

పాత_కోఆర్డినేటర్ రాశారు:

అక్కగారూ, హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేశాను. డాక్టర్ని కాదు. "రేపు మీ విజిట్, మర్చిపోకండి" అని ఫోన్లు చేసేదాన్ని నేనే, మీరు తెచ్చిన ఖాళీ స్ట్రిప్పుల్లో బిళ్ళలు లెక్కపెట్టేదాన్నీ నేనే. ఇప్పుడు మానేశాను కాబట్టి ఎవరి తరఫునా మాట్లాడటం లేదు. కాస్త పెద్దగా రాస్తున్నాను, టిఫిన్ల పని అయ్యాక చదవండి.

ముందు ఆ సెలైన్ సంగతి. మీకు అదే మోసంలా కనిపిస్తోంది కదా. నాకు తెలిసి ఆ కాగితాల్లో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న ముక్క అదే.

మీరు గోదారి మనిషి కాబట్టి ఇలా చెప్తాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున ఎవరో సిద్ధాంతి గారు వచ్చి గట్టు మీద హోమం చేశారనుకోండి. నాలుగు రోజుల్లో నీళ్ళు తగ్గుతాయి. హోమం వల్ల తగ్గాయా? హోమం లేకపోయినా తగ్గేవే. మోకాలి నొప్పికీ వరదలాగే పోటూ పాటూ ఉంటాయి. మనిషి డాక్టరు దగ్గరకి ఎప్పుడు వెళ్తాడు? బాగా పోటు మీద ఉన్నప్పుడు. ఆ రోజు ఏం పొడిచినా, ఏం పూసినా, నెలకి కొంత తగ్గడం ఖాయం. మీ వదినగారు మేడ ఎక్కడం నిజమే, అబద్ధమని నేను అనను. ఆవిడకి పీఆర్పీ వల్ల తగ్గిందా, వరద తీసిందా అన్నది ఒక్క మోకాలు చూసి ఎవరూ చెప్పలేరు. బుల్లెట్ గారి నాన్నగారి విషయమూ అంతే.

దీనికి తోడు ఇంకోటి ఉంది, దీన్ని నేను కళ్ళారా చూశాను. మా దగ్గర నొప్పి కొలవడానికి పది సెంటీమీటర్ల గీత ఇచ్చేవాళ్ళం. ఎడమ చివర నొప్పి లేదు, కుడి చివర భరించలేని నొప్పి. మీకు ఎక్కడ అనిపిస్తే అక్కడ అడ్డంగా ఒక గీటు పెట్టాలి. సంగారెడ్డి వైపు నుంచి ఒకావిడ వచ్చేవారు, మొదటిసారి గీత దాటి కాగితం అంచు మీద గీటు పెట్టారు. ఏంటమ్మా ఇది అంటే "గీత చాలలేదు బిడ్డా" అన్నారు. అదే ఆవిడ మూడో నెలలో కుంటుతూ లోపలికి వచ్చి, గీటు మాత్రం ఎడమ పక్కన పెట్టారు. బయట బెంచీ మీద కూర్చున్నాక మెల్లిగా అడిగాను. "డాక్టరు సారు అంత ప్రేమగా ఎట్లున్నదమ్మా అంటే, లేదు తగ్గలేదని ఏ మొహంతో చెప్తా?" అన్నారు. చూశారా? మనవాళ్ళ మర్యాద మందు ఖాతాలోకి వెళ్ళిపోతుంది. అందుకే పక్కన ఇంకో సగం మంది కావాలి. వాళ్ళకీ అదే సూది, అదే డాక్టరు, అదే మర్యాద, అదే వరద తీయడం, మందు ఒక్కటే ఉండదు. రెండు గుంపులకీ మధ్య మిగిలిన తేడా ఎంతో అంతే ఆ మందు బలం.

ఆ మిగిలే తేడా ఒక్కోసారి ఎంత చిన్నదో చెప్తాను. మీరు ఏడాది మింగానన్న గ్లూకోజమిన్‌ని అమెరికాలో 1583 మంది మీద చూశారు, 2006లో ఫలితాలు వచ్చాయి. నొప్పి కనీసం అయిదో వంతు తగ్గినవాళ్ళు గ్లూకోజమిన్ గుంపులో 64 శాతం. బ్రహ్మాండంగా ఉంది కదా? ఉత్తుత్తి బిళ్ళ మింగిన గుంపులో 60.1 శాతం. ఆ రెండో అంకె లేకపోతే మొదటి అంకెని ప్రకటనల్లో వేసి అమ్ముకోవచ్చు.

ఇంకా విచిత్రం హ్యూస్టన్‌ది. 2002లో అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రిలో మోకాలికి గొట్టం పెట్టి లోపల శుభ్రం చేసే ఆపరేషన్‌ని పరీక్షించారు. ఆర్థ్రోస్కోపీ అంటారు, అప్పట్లో అరుగుదలకి అది తెగ చేసేవారు. 180 మందిలో కొందరికి నిజం ఆపరేషన్. కొందరికి చర్మం మీద కోతలు పెట్టి, లోపల ఏమీ చెయ్యకుండా, నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించి కుట్లు వేసేశారు. రెండేళ్ళు చూశారు. నిజం ఆపరేషన్ వాళ్ళకి ఉత్తుత్తి ఆపరేషన్ వాళ్ళకన్నా ఎక్కువ తగ్గలేదు. మీ అబ్బాయికి ఈ ముక్క కూడా చెప్పండి: ఆ ట్రయల్‌కి 324 మంది పనికొస్తే 144 మంది "మాకొద్దు బాబోయ్" అని వెళ్ళిపోయారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. చేరినవాళ్ళ చేత, నాకు ఉత్తుత్తి ఆపరేషన్ జరగవచ్చని తెలుసు అని వాళ్ళ చేతి రాతతోనే రాయించుకున్నారు. ఎలకని ఎవరూ ఇలా అడగరు కదా అక్కగారూ.

ఇప్పుడు పీఆర్పీకి వద్దాం. బుల్లెట్ గారు "ఇంతమందికి తెలిశాక" అన్నారు. ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్‌బోర్న్ కలిపి 288 మంది మీద చేశారు, 2021లో బయటికి వచ్చింది. మీకు చెప్పినట్టే సగం మందికి పీఆర్పీ, సగం మందికి సెలైన్, వారానికొకటి చొప్పున మూడు. ఏడాది తర్వాత పదికి ఎంత నొప్పి అని అడిగితే పీఆర్పీ వాళ్ళకి 2.1 తగ్గింది. సెలైన్ వాళ్ళకి 1.8. గుజ్జు అరగడమూ రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. అంటే మీరు భయపడుతున్న ఆ ఉప్పునీళ్ళ పక్షం వాళ్ళు పెద్దగా నష్టపోయిందేమీ లేదు.

మరి ఇంకా ట్రయల్స్ ఎందుకంటే, పీఆర్పీ అన్నది ఒకే వంట కాదు. దోసెల పిండి ఇంటింటికీ మారినట్టు, ఎంత రక్తం తీశారు, ఎంతసేపు తిప్పారు, ప్లేట్‌లెట్లు ఎన్ని వచ్చాయి, తెల్లకణాలు ఉంచారా తీసేశారా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆస్ట్రేలియా వాళ్ళ పిండి పల్చన అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వాదనలో పస ఉందో లేదో తేలాలంటే ఇంకో ట్రయలే దారి. పని చేస్తుందని ముందే తెలిస్తే మీకు సెలైన్ ఇవ్వడం తప్పు, పని చెయ్యదని తెలిస్తే పీఆర్పీ ఇవ్వడం తప్పు. తెలియదు కాబట్టే అడుగుతున్నారు. బయట డబ్బు తీసుకునేవాళ్ళకీ తెలియదు. కాకపోతే వాళ్ళు ఆ మాట పైకి అనరు.

అలాగని "వెళ్ళి సంతకం పెట్టెయ్యండి" అనడం లేదు నేను. ఆ పందొమ్మిది పేజీల్లో మీరు చూడాల్సినవి నాలుగైదే. సీటీఆర్ఐ నంబరు ఉందా? అది మన దేశపు ట్రయళ్ళ రిజిస్టరు, 2009 జూన్ 15 నుంచి అందులో ఎక్కించడం తప్పనిసరి చేశారు. నంబరు కొడితే ఎవరు చేస్తున్నారు, ఎంతమంది మీద, ఏం కొలుస్తున్నారు అన్నీ ఎవరైనా చూడచ్చు. మీ కోడలి చేత ఫోన్లో చూపించుకోండి. నంబరు లేదంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తర్వాత, ట్రయల్‌లో చేరినవాళ్ళకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ వాళ్ళ ఫోన్ నంబరు. అది డాక్టరు నంబరు కాదు, డాక్టరు మీద ఫిర్యాదు చెయ్యడానికి. సంతకం పెట్టిన కాగితం నకలు మీ చేతికి రావాలి. ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం వాళ్ళ ఖర్చుతోనే, దానికి పరిహారం కూడా. 2019 నిబంధనల్లో ఇవి రాసి ఉన్నాయి. ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు గుంపులో పడ్డారని మామూలు వైద్యం ఆపేసి, దాని వల్ల హాని జరిగినా అదీ పరిహారం కిందికే వస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు, కారణం చెప్పకుండా మానెయ్యచ్చు. మానేశారని ఆ ఆసుపత్రిలో మీ మామూలు వైద్యం ఆపకూడదు.

కాగితంలో ఉండనివి కూడా అడగండి. నొప్పి బిళ్ళ ఏది వేసుకోవచ్చు, ఏది వేసుకోకూడదు? మా దగ్గర పారాసిటమాల్ ఒక్కటి ఇచ్చేవాళ్ళం, ఎన్ని వేసుకున్నారో రాయాలి. రాత్రి మోకాలు వాచిపోతే ఎవరు ఫోన్ ఎత్తుతారు? ఆరు ప్రయాణాలకి ఛార్జీలు ఇస్తారా? అవతలి గుంపుకి నిజంగా మంచి జరిగిందని తేలితే, సెలైన్ పడ్డవాళ్ళకి చివర్లో అదే మందు ఇస్తారా? ఈ ఆఖరి ప్రశ్న అడిగితే కోఆర్డినేటర్ కాస్త తడబడుతుంది. అడగండి, పర్లేదు.

చివరగా ఒకటి. మీరు ఒక మాట ఊరికే అనేసి ముందుకెళ్ళిపోయారు. శ్రావణంలో చేయించుకున్న ఇంజెక్షన్ ఏమిటి? చీటీ ఉందా? అది వైజాగ్‌లో చెప్పారా?

---

అట్లపెనం_రాజమండ్రి రాశారు:

చెల్లెమ్మా, రెండుసార్లు చదివించుకున్నాను. ఒకసారి మా కోడలి చేత, ఇంకోసారి మా అబ్బాయి చేత, కావాలనే. వాడు హ్యూస్టన్ ముక్క దగ్గర ఆగి "నిజమేనా" అని తనే వెతుక్కున్నాడు. తర్వాత ఎలక మాట ఎత్తలేదు.

ఇంజెక్షన్ చీటీ దొరకలేదు. తెల్లగా పాలలా ఉంది మందు. వైజాగ్‌లో చెప్పలేదు, వాళ్ళు అడిగారో లేదో గుర్తు లేదు. ఎందుకు, ప్రమాదమా?

ఇంకో సందేహం. వావిలాకు, ఆయుర్వేదం లాంటివి ఎవరూ ఇలా పరీక్షించరా? అన్నీ ఇంగ్లీషు మందులకేనా ఈ గీతలూ గీట్లూ?

---

పాత_కోఆర్డినేటర్ రాశారు:

పాలలా తెల్లగా ఉందంటే స్టిరాయిడ్ అయ్యుండచ్చు అక్కగారూ, చూసినవాళ్ళే ఖాయంగా చెప్పాలి. ఆ డాక్టరు గారి దగ్గరకే వెళ్ళి పేరు రాయించుకుని రండి. ప్రమాదమని కాదు. స్టిరాయిడ్ కొన్ని వారాలు నొప్పిని బాగానే అణుస్తుంది, మీకూ అలాగే జరిగింది. అయితే దాన్ని అలవాటుగా పొడిపించుకోకండి. బోస్టన్‌లో 140 మందిని రెండు గుంపులు చేసి, మూడు నెలలకొకసారి రెండేళ్ళ పాటు ఒకళ్ళకి స్టిరాయిడ్, ఒకళ్ళకి సెలైన్ ఇచ్చారు, 2017లో వచ్చిందది. రెండేళ్ళకి నొప్పిలో తేడా లేదు. గుజ్జు మాత్రం స్టిరాయిడ్ వాళ్ళకి 0.21 మిల్లీమీటర్లు, సెలైన్ వాళ్ళకి 0.10 మిల్లీమీటర్లు తగ్గింది. మళ్ళీ ఉప్పునీళ్ళే నయం అనిపించుకున్నాయి!

ట్రయల్‌కి అది ఎందుకు ముఖ్యమంటే, మొన్నటి స్టిరాయిడ్ ప్రభావం దిగుతుంటే మీ మోకాలి లెక్క తారుమారవుతుంది. చాలా చోట్ల మూడు నెలలు గడవాలంటారు. దాచి చేరితే మీకు ఒరిగేది లేదు, లెక్క చెడుతుంది.

ఆయుర్వేదానికీ చేశారు. మన దేశంలోనే, 2013లో ప్రచురించారు. 440 మంది, ఆరు నెలలు. శొంఠి, తిప్పతీగ, ఉసిరి లాంటివాటితో చేసిన మందుని ఒక పక్క, గ్లూకోజమిన్‌ని ఇంకో పక్క, సెలికాక్సిబ్ అనే నొప్పి బిళ్ళని మరో పక్క పెట్టారు. నొప్పి తగ్గించడంలో ఆయుర్వేద మందు వాటికి సమానంగా నిలబడింది. కానీ కొందరిలో కాలేయం పరీక్ష ఎస్‌జీపీటీ పెరిగింది, మందు ఆపాక దిగింది. ఆ ట్రయల్ జరగకపోతే "మూలికలు కదా, ఏమీ చెయ్యవు" అనుకునే ఉండేవాళ్ళం. వావిలాకు కాపడం మాత్రం హాయిగా పెట్టుకోండి, వేడి తగిలితే నాకూ బాగుంటుంది.

అన్నట్టు అక్కడ మీకు ఒక ప్రశ్నాపత్రం ఇస్తారు, వోమాక్ అంటారు, కెనడాలో పుట్టింది. 24 ప్రశ్నలు. అందులో మేజోళ్ళు తొడుక్కోవడానికి కష్టంగా ఉందా, స్నానం తొట్టిలోకి దిగడం కష్టంగా ఉందా అని ఉంటాయి. మా దగ్గరకొచ్చే ఆడవాళ్ళు పగలబడి నవ్వేవారు. "మేజోళ్ళు ఏడ తొడుగుతం, కింద కూసొని బియ్యం ఏరుడు అడుగున్రి" అనేవారు. మీరు నవ్వకుండా నింపండి. మెట్లు దిగే ప్రశ్న వచ్చినప్పుడు పుష్కరాల రేవుని తలుచుకోండి.

---

ఫిజియో_ఖమ్మం రాశారు:

అమ్మా, ఇంజెక్షన్ల గొడవలో అందరూ కండరాన్ని మర్చిపోయారు. నేను ఖమ్మంలో పదకొండేళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను కాబట్టి నా దుకాణం సంగతే చెప్తానని అనుకోవచ్చు, అనుకోండి. 2020లో అమెరికా సైనిక ఆసుపత్రుల్లో 156 మందిని తీసుకుని సగం మందికి స్టిరాయిడ్ ఇంజెక్షన్, సగం మందికి ఫిజియోథెరపీ ఇచ్చారు. ఏడాది తర్వాత అదే వోమాక్ లెక్కన (ఎక్కువ ఉంటే ఎక్కువ బాధ) ఇంజెక్షన్ వాళ్ళు 55.8, ఫిజియో వాళ్ళు 37.0. ఇందులో ఉత్తుత్తి ఫిజియో పెట్టడం కుదరదు, ఎవరికి ఏది చేస్తున్నారో అందరికీ తెలుసు, కాబట్టి కోఆర్డినేటర్ మేడం చెప్పిన మర్యాద లెక్క ఇక్కడా కొంత ఉంటుంది. ఒప్పుకుంటాను.

మీరు చేయాల్సింది ఒక్కటి చెప్తాను. గట్టి కుర్చీ గోడకి ఆనించి వేసుకోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవండి, మెల్లిగా కూర్చోండి. దబ్బున కూలబడొద్దు, కూర్చోవడం లేవడం కన్నా నిదానంగా ఉండాలి. మొదట్లో ఎత్తు చాలకపోతే దిండు వేసుకోండి. అయిదుతో మొదలుపెట్టి వారానికి ఒకటో రెండో పెంచండి. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉన్నా పర్వాలేదు, మర్నాటికి దిగిపోవాలి. మర్నాడు కూడా ఎక్కువగా ఉంటే లెక్క తగ్గించండి.

పెనం దగ్గర ఒక ఎత్తు స్టూలు వేసుకోండి. ఇడ్లీ ఆవిరి పట్టేలోపు కూర్చోండి. పాత గోనెపట్టా మడిచి కాళ్ళ కింద వేసుకుంటే బండల మీద నిలబడటం కొంచెం తేలిక.

---

డల్లాస్_అల్లుడు రాశారు:

మా అత్తగారిదీ ఇదే కథ, నిడదవోలు. నేను ఇక్కడ వార్తల్లో బరువు తగ్గే ఇంజెక్షన్, సెమాగ్లుటైడ్, మోకాలికి కూడా పని చేసిందని చదివి ఆవిడకి పంపిద్దామనుకున్నాను. ఫలితాలు అదరగొట్టాయి: 2024లో 407 మంది, 68 వారాలు, 100కి లెక్కేసే నొప్పి 41.7 తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్ళకి 27.5. ఎవరైనా ఇది వాడారా?

---

పాత_కోఆర్డినేటర్ రాశారు:

అల్లుడు గారూ, అంకెలు కరెక్టే. కానీ ట్రయల్ చదివేటప్పుడు ఫలితం కన్నా ముందు చూడాల్సింది ఎవరి మీద చేశారన్నది. ఆ 407 మందీ స్థూలకాయులు, సగటు బరువు 108 కిలోలు. మీ అత్తగారి బరువెంత?

---

డల్లాస్_అల్లుడు రాశారు:

61 😀 అర్థమైంది. పంపించను.

---

ఫిజియో_ఖమ్మం రాశారు:

బరువున్నవాళ్ళకి మాత్రం తగ్గడం నిజంగా పని చేస్తుంది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టని కొలిచి చూపించారు. 61 కిలోల ఆవిడకి కుర్చీయే మందు.

---

బెజవాడ_బుల్లెట్ రాశారు:

కోఆర్డినేటర్ గారూ, మీ వరద ఉదాహరణ బాగుంది గానీ మా నాన్నకి తగ్గింది తగ్గిందే. మీరు గీతలు గీయించుకోండి, ఆయన వాకింగ్‌కి వెళ్తున్నాడు.

---

పాత_కోఆర్డినేటర్ రాశారు:

వెళ్ళనివ్వండి, మంచిదే కదా. వాకింగ్ మొదలుపెట్టాక తగ్గిందా, తగ్గాక వాకింగ్ మొదలుపెట్టారా అని మాత్రం ఒకసారి అడిగి చూడండి.

---

అట్లపెనం_రాజమండ్రి రాశారు:

పది రోజులకి వచ్చాను, దసరా హడావిడి. జరిగింది చెప్తాను.

వీధి చివర డాక్టరు గారు మొదట విసుక్కున్నారు, చీటీ దేనికమ్మా అని. మా అబ్బాయి పక్కనుండి రాయించాడు. స్టిరాయిడే. చెల్లెమ్మ చెప్పినట్టే.

మొన్న గురువారం రత్నాచల్‌లో వైజాగ్ వెళ్ళాం, నేనూ వాడూ. అక్కడి కోఆర్డినేటర్ చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయి. మా అబ్బాయి సీటీఆర్ఐ నంబరు అడిగితే మొదటి పేజీలోనే చూపించింది. ఛార్జీలు ఇస్తారట, టికెట్లు పెట్టుకోమంది. రాత్రి ఫోన్ నంబరు ఇచ్చింది, మావాడు అక్కడే కొట్టి చూశాడు, మోగింది. సెలైన్ వాళ్ళకి చివర్లో మందు ఇస్తారా అని నేనడిగాను. నిజంగానే తడబడింది. లోపలికెళ్ళి డాక్టరు గారిని అడిగి వచ్చి, ప్రస్తుతానికి అలాంటి ఏర్పాటు లేదండి అని చెప్పేసింది. ఉందని అబద్ధం ఆడచ్చు కదా, ఆడలేదు. నాకు అక్కడే కుదిరింది.

ఇంజెక్షన్ చీటీ చూపించాను. ఆ పిల్ల మొహం పడిపోయింది. మూడు నెలలు కావాలట, నాకు రెండే అయ్యాయి. కార్తీక పౌర్ణమి దాటాక రమ్మన్నారు, అప్పటికి వాళ్ళ లెక్క పూర్తయిపోకుండా ఉంటే తీసుకుంటారట. మా అబ్బాయి బయటికొచ్చి "చెప్పకపోతే ఈరోజే అయిపోయేది కదమ్మా" అన్నాడు. వద్దన్నవాడే! నవ్వొచ్చింది.

కుర్చీ మొదలుపెట్టాను. దిండు వేసుకుని అయిదు, ఇప్పుడు దిండు తీసేసి ఏడు. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టాక చేస్తున్నాను, ఆవిరి వచ్చేసరికి అయిపోతుంది. టిఫిన్‌కి వచ్చే పిల్లలు లెక్కపెడుతున్నారు. ఖమ్మం బాబూ, ఎడమ మోకాలు కూడా కాస్త కిర్రుమంటోంది, అయినా చెయ్యచ్చా?

---

ఫిజియో_ఖమ్మం రాశారు:

చప్పుడొక్కటే అయితే చెయ్యండమ్మా. నొప్పితో పాటు వాపు వస్తే ఆపి నాకు చెప్పండి. ఏడు నుంచి ఎనిమిదికి వచ్చే ఆదివారం.